వడగల్లు చెప్పు సాక్ష్యము

అనావృష్టికి పేరుపడిన మన సీమలో వాన వచ్చుచున్నదనిన సంతోషింపనివారుండరు. ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వర్షముతో బ్రదుకవలసిన అనంతపురము జిల్లాలో ప్రతి చినుకును లెక్కకు వచ్చునదే. ఐనను ఒక్క వాన కలదు. దానిని కోరువారెవ్వరును లేరు. అది వడగండ్లవాన. మన పల్లెలలో దీనినే రాళ్లవాన యందురు. ముంగారునకు ముందు, మార్చి మొదలు మే వఱకు గల యెండకాలమున, ఉక్కపోసిన మధ్యాహ్నముల తరువాత ఇది హఠాత్తుగా వచ్చును. పది నిమిషములు, మించిన అరగంట యుండును. ఏడాదిపాటు నీరుపోసి పెంచిన తోటను నేలపాలుచేసి పోవును.

గడచిన వేసవి మొదట, విద్యార్థులు పరీక్షలకు చదువుకొను దినములలో, ఒకనాటి సాయంకాలము మన పాఠశాల యావరణములో ఇట్టి వాన కురిసెను. రేకుల కప్పుపై రాళ్లు పడు చప్పుడులో మేము మాటాడిన మాట మాకే వినబడలేదు. వాన వెలిసిన పిమ్మట వసతిగృహపు విద్యార్థులు ముంగిట పడిన రాళ్లను ఏరి, ఒక గిన్నెలో వేసికొని మాయొద్దకు తెచ్చిరి. వానిలో పెద్దవి ఉసిరికాయంత యుండెను. ఒకదానిని మేము వేడిచేసిన చాకుతో రెండు చెక్కలుగా కోసి చూపితిమి. ఎఱ్ఱగడ్డను కోసినపుడు పొరలు కనబడునట్లు, దానిలో తెల్లని వలయమొకటి, గాజువలె నిర్మలమైన వలయమొకటి, మరల తెల్లనిదొకటి కనబడెను. మేము చిన్ననాట నేర్చుకొన్న పాఠమునే వారికిని చెప్పితిమి. "గాలి యీ రాతిని మేఘములో పైకెత్తును, అది క్రిందికి జాఱును, మరల పైకెత్తబడును. ఒక్కొక్క వలయము ఒక్కొక్క ప్రయాణము. వలయములను లెక్కించిన ఆ రాయి ఎన్నిమారులు ఎక్కి దిగెనో తెలియును" అంటిమి.

అందఱును తలలూపిరి. ఒక్కడు మాత్రము ఊపలేదు. "అయ్యవారూ, ఆ రాయి అట్లు ఎక్కి దిగుట చూచినవారెవరు?" అని యడిగెను.

ఆ బాలుని తండ్రికి రెండెకరముల చీనీతోట కలదు. అంతకు ముందటి యేట ఒక్క రాళ్లవానకు పిందెలన్నియు రాలి, కొమ్మల బెరడు చీలిపోయినదట. కావున అతని ప్రశ్న వట్టి వేడుకకు పుట్టినది కాదు. రాయి మేఘములో ఎచట పుట్టునో, ఎట్లు పెరుగునో తెలిసినగదా, దానిని ఆపుట మనవలన నగునో కాదో తెలియుట! ఆనాడు మేము సరియైన యుత్తరమీయలేకపోతిమి. పిమ్మట విషయమును విచారింపగా, మేము చెప్పిన పాఠము చాలవఱకు సరికాదని తెలిసినది. ఆ తప్పును దిద్దుకొనుటకును, ఆ బాలుని ప్రశ్నకు ఉత్తరము చెప్పుటకును ఈ వ్యాసము వ్రాయుచున్నాము.

1. మేఘములో జరుగునది

ముందుగా వడగల్లు పుట్టుటకు వలసిన సామగ్రి ఎట్టిదో చూతము. ఎండకు కాగిన నేల తనమీది గాలిని వేడిచేయును. వేడిగాలి తేలికయై పైకి లేచును. అందులో నీటియావిరి యున్నచో, పైకి పోయినకొలది చల్లబడి, సన్నని తుంపురులుగా మాఱి మేఘమగును. ఆవిరి నీరగునపుడు తనలోని వేడిమిని గాలికి విడుచును. ఆ వేడిమిచే గాలి ఇంకను తేలికయై ఇంకను పైకి లేచును. ఇట్లు పెరిగిన ఉఱుముల మేఘము 12 కిలోమీటర్లకు మించిన యెత్తువఱకు గోపురమువలె లేచి నిలుచును. మన ప్రాంతమున వేసవిలో సముద్రమట్టమునకు సుమారు 5 కిలోమీటర్ల యెత్తున గాలి నీరు గడ్డకట్టునంత చల్లగా నుండును. మేఘములో సగమునకు పైగా ఆ యెత్తునకు మీదనే యుండునన్నమాట.

ఇచట నొక వింత కలదు. సున్న డిగ్రీలకు దిగువకు పోయినంతమాత్రమున మేఘములోని తుంపురులు వెంటనే గడ్డకట్టవు. అవి మిక్కిలి చిన్నవి. వానికి ఆధారముగా తగిన ధూళికణము దొరకనిచో, సున్నకు దిగువ 10, 20, 30 డిగ్రీలవద్దను నీరుగానే యుండును. సున్నకు దిగువ 40 డిగ్రీలకు చేరువైనపుడు మాత్రము ఆధారము లేకయే గడ్డకట్టును. ఇట్లు గడ్డకట్టవలసిన చలిలోను నీరుగా నిలిచిన దానిని అతిశీతల జలమందురు. దానికి ఏదేని తగిలినంతనే గడ్డకట్టుటకు సిద్ధముగా నుండును.

ఇట్టి మేఘములో ఒక చిన్న మంచుగుళిక గాని, గడ్డకట్టిన వానచినుకు గాని యున్నదనుకొనుడు. దీనినే వడగల్లునకు బీజమందురు. అది పడుచుండగా ఎదురైన అతిశీతల తుంపురులు దానికి తగిలి, తగిలినచోటనే గడ్డకట్టును. ఇట్లు అది పెరుగును. అడ్డుకొలత 5 మిల్లీమీటర్లకు చేరినపుడు దానిని వడగల్లని పిలుతురు. పెరుగువఱకు అది నేల రాలకుండ ఆపునది మేఘములో ఎగయు గాలి. 2 సెంటిమీటర్ల రాయి గాలిలో సెకనుకు సుమారు 20 మీటర్ల వేగముతో పడును. 5 సెంటిమీటర్ల రాయి 30 మీటర్లకు పైబడిన వేగముతో పడును. దానిని నిలుపవలెనన్న గాలియు అంత వేగముతో ఎగయవలెను. బయలులో పరుగెత్తు మెయిలుబండి వేగము గల గాలి నిట్టనిలువుగా మీదికి వీచుచున్నదని యూహించినచో ఉఱుముల మేఘముయొక్క బలము కొంత తెలియును.

గాలి యింక మోయలేనంత బరువైనపుడు, లేక గాలి బలము తగ్గినపుడు, రాయి నేలకు వచ్చును. వచ్చు దారిలో 5 కిలోమీటర్ల వెచ్చని గాలిని దాటవలెను. చిన్న రాళ్లు ఆ దారిలోనే కరగి వానచినుకులగును. మనకు పడు పెద్దచినుకుల జడివానలో ఎన్నియో చినుకులు పైన రాళ్లై యుండినవే. కరగక మిగిలినవి మాత్రమే మన రేకులపై పడును.

వడగండ్లు ఎంత పెద్దవి కాగలవో, ఎంత హాని చేయగలవో చెప్పుటకు కొన్ని లెక్కలు చాలును. 2010 జూలై 23వ తేదీన అమెరికాలోని దక్షిణ డకోటా రాష్ట్రమున వివియన్ అను ఊరిలో పడిన రాయి 20 సెంటిమీటర్ల అడ్డుకొలత గలది. 1986 ఏప్రిల్ 14వ తేదీన బంగ్లాదేశములోని గోపాలగంజి ప్రాంతమున పడిన రాయి ఒక కిలోగ్రామునకు మించి తూగెను. ఆ వానలో 92 మంది చనిపోయిరి. మనదేశమున మొరాదాబాదు దగ్గఱ 1888 ఏప్రిల్ 30వ తేదీన కురిసిన రాళ్లవానలో 246 మంది చనిపోయిరి. 1939లో హైదరాబాదున మూడు కిలోగ్రాములకు మించిన రాయి పడినదని కొన్ని పుస్తకములలో చెప్పబడినది గాని, శాస్త్రజ్ఞులు దానిని ఒక్క రాయిగా అంగీకరింపలేదు. నేలపై పడిన పిమ్మట అనేక రాళ్లు ఒకటిగా అంటుకొని యుండునని వారి యభిప్రాయము.

2. వలయములను లెక్కించుట చాలదు

ఇక వలయముల మాట. తెల్లని పొర యేల? నిర్మలమైన పొర యేల? దీనికి ఉత్తరము ఐసు ఫ్యాక్టరీలో దొరకును. అచట తయారగు పెద్ద మంచుదిమ్మెను చూచినవారికి దాని యంచులు గాజువలెను, నడుమ తెల్లగాను ఉండుట తెలియును. నీటిలో గాలి కరగియుండును. నీరు మెల్లగా గడ్డకట్టినపుడు గాలి తప్పించుకొని పోవును. మంచు నిర్మలముగా నుండును. తప్పించుకొను త్రోవ లేనిచోట గాలి బుడగలై చిక్కుకొని మంచును తెల్లబఱచును.

వడగల్లు విషయమును ఇంతే. తగిలిన తుంపురులు కొలదిగా నుండి, చలి యెక్కువైనచో, అవి తగిలినతోడనే గడ్డకట్టును, గాలి చిక్కుకొనును, పొర తెల్లనగును. తుంపురులు దట్టముగా నున్నచో, గడ్డకట్టునపుడు వెలువడు వేడిమిచే రాతిపైన తడి నిలుచును, అది మెల్లగా గడ్డకట్టును, పొర నిర్మలమగును. కాబట్టి తెలుపునకును నిర్మలతకును కారణము తుంపురుల దట్టము, చలి, ఈ రెండును కలిసిన ఫలము. రాయి ఒకే యెత్తున ప్రక్కకు జరిగి, దట్టమైన మేఘమునుండి పలుచని మేఘములోనికి పోయినను పొర మాఱును. వలయము మాఱినంతమాత్రమున రాయి ఎక్కెననిగాని దిగెననిగాని చెప్పవలనుపడదు. మేము ఆనాడు పిల్లలకు చెప్పిన పాఠములోని లోపమిదియే.

మఱి యెత్తును తెలిసికొనుట యెట్లు? పొర రంగు చెప్పలేని మాటను ఆ పొరలోని నీరే చెప్పగలదు. దానికై నీటిలోని యొక సూక్ష్మభేదమును తెలిసికొనవలెను.

3. నీటిలో తేలికనీరు, బరువునీరు

నీరు రెండు ఉదజని పరమాణువులును, ఒక ఆమ్లజని పరమాణువును కలిసి యేర్పడినదని మనము చదువుకొంటిమి. ఐతే ఉదజని పరమాణువులన్నియు ఒకే బరువు గలవి కావు. కొన్నింటి కేంద్రములో ఒక న్యూట్రాను అధికముగా నుండి, అవి రెట్టింపు బరువు గలవై యుండును. వీనిని డ్యుటీరియమందురు. 1931లో అమెరికా శాస్త్రజ్ఞుడు హెరాల్డు యూరీ దీనిని కనుగొని, 1934లో నోబెలు బహుమానము పొందెను. ఆమ్లజనిలోను ఇట్టి భేదము కలదు. 16 వంతుల బరువు గలది సామాన్యమైనది, 18 వంతుల బరువు గలది అరుదైనది. 1929లో జియోక్, జాన్‌స్టన్ అను నిద్దఱు దీనిని కనుగొనిరి. గుణములలో ఒక్కటే యై బరువులో మాత్రము భేదించు ఇట్టి పరమాణువులకు ఐసోటోపులని పేరు. ఒక యింటి అన్నదమ్ములు రూపమున నొక్కటై, ఒకడు సన్నముగను ఒకడు లావుగను ఉన్నట్లనుకొనుడు.

సముద్రజలములో పదిలక్షల ఉదజని పరమాణువులకు సుమారు 156 మాత్రమే బరువైనవి. ఆమ్లజనిలో సుమారు 500కు ఒకటి బరువైనది. మనము త్రాగు ప్రతి చెంబెడు నీటిలోను ఈ బరువునీరు కొంచెము కలదు. దీనిని వేఱుచేయు పని మన తెలుగుదేశములోనే జరుగుచున్నది. మణుగూరు దగ్గఱ గోదావరి యొడ్డున 1991లో ఆరంభమైన భారజల కర్మాగారములో గోదావరి నీటినుండి బరువైన ఉదజని గల నీటిని వేఱుచేసి అణువిద్యుత్ కేంద్రములకు పంపుదురు. నీటిలో బరువుభేదము ఊహమాత్రము కాదనుటకు ఆ కర్మాగారమే సాక్ష్యము.

బరువునీటి గుణమొకటి మనకు ముఖ్యము. అది ఆవిరి యగుటకు బద్ధకించును. ఆవిరిగా నున్నపుడు తిరిగి నీరగుటకు తొందరపడును. ఈ యొక్క గుణముననుండియే వడగల్లు చరిత్ర తెలియును.

4. గుత్తి కొండ యుపమానము

మన యూరికి చేరువనున్న గుత్తి కొండను విద్యార్థులలో పలువురు ఎక్కియుందురు. నూఱుమంది యొక గుంపుగా ఆ కొండ నెక్కుచున్నారనుకొనుడు. వారిలో పదిమంది నెత్తిమీద మూటలు మోయుచున్నారు. దారిపొడవునను కొందఱు అలసి కూర్చుండి నిలిచిపోవుదురు. చేతులూపుకొని పోవువారును కొందఱు నిలిచిపోవుదురు గాని, మూటలవారు ముందుగా నిలిచిపోవుదురు. మొదటి మలుపు దగ్గఱ కూర్చున్నవారిలో మూటలవారు పాలెక్కువ. నడికొండలో కూర్చున్నవారిలో వారు తక్కువ. శిఖరమునకు చేరువలో మిక్కిలి తక్కువ. ఇపుడు ఎవరైన కన్నులు మూసికొని, "ఇచట కూర్చున్న వారిలో మూటలవారు నూటికి ఇంతమంది" అని మీకు చెప్పినచో, వారు కొండపై ఎంత యెత్తున నున్నారో మీరు లెక్కకట్టి చెప్పగలరు.

మేఘములోను ఇదే జరుగును. పైకెక్కు ఆవిరియే ఆ గుంపు. చలికి నీరుగా మాఱుటయే కూర్చుండుట. బరువునీరు మూటలవారు. మేఘపు అడుగున ఏర్పడు తుంపురులలో బరువునీరు ఎక్కువ; మీదికి పోయినకొలది తక్కువ. కావున ప్రతి యెత్తునందలి తుంపురులకును తనదైన గుఱుతు కలదు.

వడగల్లు ఆ తుంపురులను తగిలినచోటనే గడ్డకట్టించుకొనుచు పెరుగునని చెప్పితిమి గదా. గడ్డకట్టుట అతివేగముగా జరుగుటచే, బరువునీరు తేలికనీరు ఏఱుకొనుటకు వ్యవధి యుండదు. తుంపురు ఉన్నదున్నట్లు మంచగును. అనగా, ఏ పొర యే యెత్తున చేరినదో ఆ యెత్తుగుఱుతు ఆ పొరలో అట్లే నిలిచిపోవును. గుంతకల్లు జంక్షనునుండి బయలుదేరిన బాటసారి దారిలో ఒక్కొక్క స్టేషనులో ఒక్కొక్క వస్తువు కొని సంచిలో వేసికొన్నచో, ఆ సంచిని విప్పి అతడు పోయిన దారి చెప్పవచ్చును. వడగల్లును అట్టి సంచియే. అడుగున నున్నది బీజము. మీదనున్నది కడపటి స్టేషను.

5. పరీక్షించు విధము

ఈ పరీక్ష యెట్లు చేయుదురో క్లుప్తముగా చెప్పెదము. రాతిని సున్నకు చాల దిగువ చల్లనుంచిన గదిలో సన్నని రంపముతో నడుమకు కోయుదురు. పలుచని పలకగా చేసి వెలుతురున పెట్టి పొరలను గుర్తింతురు. పిమ్మట ఒక్కొక్క పొరను వేఱుగా చెక్కి, వేఱువేఱు సీసాలలో మూతబిగించి కరగింతురు. ఒక్కొక్క సీసాలో కొన్ని చుక్కల నీరుండును. ఆ చుక్కలలోని బరువునీటి పాలును యంత్రముతో కొలుతురు.

మొదట వాడబడిన యంత్రమునకు మాస్ స్పెక్ట్రోమీటరని పేరు. కళ్లములో తూర్పారబట్టుట మనకందఱికిని తెలియును. గాలికి పొట్టు దూరముగా పోవును, గింజ దగ్గఱగా పడును. ఈ యంత్రములో గాలికి బదులు అయస్కాంతబలము పనిచేయును. తేలిక కణములు ఎక్కువగను బరువు కణములు తక్కువగను వంగి వేఱువేఱు చోట్ల పడును. ఇటీవల లేజరు కాంతిని ఆవిరిగుండ పంపి కొలుచు యంత్రములును వచ్చినవి.

కొలతను సముద్రజలముతో పోల్చి చెప్పుదురు. ఒక పొరలో పదిలక్షలకు 156కు బదులు 148 బరువైన ఉదజని పరమాణువులున్నచో, అది సముద్రజలముకంటె వేయింటికి సుమారు 50 తక్కువ. ప్రక్క పొరలో 140 యున్నచో వేయింటికి సుమారు 100 తక్కువ. రెండవది మొదటిదానికంటె ఎత్తున చేరినదని యర్థము. ఎంత యెత్తో నిర్ణయించుటకు ఆనాటి నేలమీది వేడిమి, గాలిలోని తేమ, ఆ వాననీటిలోని బరువునీటి పాలు, మీది గాలి పొరల శీతోష్ణములు తెలియవలెను. ఈ కడపటి విషయమును హైదరాబాదు, విశాఖపట్టణము మొదలగు చోట్ల వాతావరణశాఖవారు వదలు బెలూనులు చెప్పును.

6. ఇంతవఱకు తెలిసినది

ఈ విద్యకు మొదలు ఒక సీసాయు ఒక గరాటును. 1952 జూన్ నెలలో డెన్మార్కుదేశపు కోపెన్‌హేగను నగరమున విల్లీ డాన్స్‌గార్డ్ అను యువశాస్త్రజ్ఞుడు తన యింటి పెరటిలో సీసామీద గరాటు నుంచి వాననీరు పట్టెను. వాన సాగినకొలది నీటిలోని బరువుపాలు మాఱుచుండుట చూచెను. మేఘముయొక్క చలికిని నీటి బరువునకును సంబంధము కలదని ఆయన తెలిసికొనెను. ఆ విద్యతోనే తరువాత గ్రీన్లాండు మంచుపొరలనుండి వేలయేండ్ల వెనుకటి శీతోష్ణములను లెక్కకట్టిరి.

1963లో ఫ్రాన్సుదేశపు శాస్త్రజ్ఞులు ఫాసి, మెర్లివా, నీఫ్, రోట్ అను నలుగురు ఈ పద్ధతిని వడగండ్లకు అన్వయించి, పొరలవారీగా కొలతలు ప్రకటించిరి. పిమ్మట మెర్లివా, జూజెల్ మొదలగువారు ఆ పనిని పెంచిరి. 1977 మొదలు 1981 వఱకు స్విట్జర్లాండులో జరిగిన యొక పెద్ద ప్రయోగమున పడిన రాళ్లను గూడ ఇట్లే పరీక్షించి, 1982లో ఫలితములు ప్రకటించిరి.

ఆ బాలుని ప్రశ్నకు ఇటీవలి యుత్తరము చైనాదేశమునుండి వచ్చినది. పెకింగు విశ్వవిద్యాలయపు పరిశోధకులు తొమ్మిది గాలివానలలో పడిన 27 రాళ్లను పరీక్షించి, 2025లో ఫలితమును ప్రకటించిరి. ఆ 27 రాళ్లలో పలుమారులు ఎక్కి దిగిన గుఱుతులు గలది ఒక్కటే! తక్కినవానిలో కొన్ని మెల్లగా దిగుచునే పెరిగినవి. కొన్ని ఒక్కమారు మాత్రము పైకి లేచి పిమ్మట దిగినవి. కొన్ని ఇంచుమించు ఒకే యెత్తున ప్రక్కకు సాగుచు పెరిగినవి. తెల్లనివియు నిర్మలమైనవియు నగు వలయములు ఎన్ని యున్నను, వానియందు ప్రయాణములు అన్ని లేవు.

27 రాళ్లతో లోకమందలి రాళ్లన్నిటి చరిత్ర తెలిసినట్లు కాదు. లెక్కలో కొన్ని యూహలును కలిసియున్నవి. మేఘములోనికి ప్రక్కనుండి పొడిగాలి చొచ్చినను, రాతిపై తడి నిలిచి కారిపోయినను లెక్క కొంత తప్పును. ఐనను, ఉల్లిపొరలను లెక్కించి ప్రయాణములను లెక్కించితిమనుకొనుట తగదని మాత్రము నిశ్చయమైనది. ఇకమీద మా తరగతిలో ఆ పాఠమును చెప్పము.

7. రైతునకు దీనివలన నేమి?

ఇది పెద్దలు అడుగదగిన ప్రశ్న. రాళ్లవానను ఆపుదుమని చెప్పినవారు ఏ కాలముననైనను కలరు. 1896లో ఆస్ట్రియాదేశపు స్టిరియా ప్రాంతమున స్టీగర్ అను ద్రాక్షతోటల యజమాని మేఘములమీదికి ఫిరంగులు ప్రేల్చెను. ఆ యేడు రాళ్లు పడకపోవుటచే ఆ వాడుక ఐరోపాలో పలుచోట్లకు ప్రాకి వేలకొలది ఫిరంగులు నెలకొల్పబడెను. పిమ్మట ఫిరంగులు ప్రేలుచుండగనే తోటలు పాడగుటయు, ప్రభుత్వములు జరిపిన పరీక్షలలో ఫలము కనబడకపోవుటయు జరిగి ఆ వాడుక అణగిపోయెను.

తరువాత వచ్చినది వెండి లవణమగు సిల్వర్ అయొడైడు పొడి. దీనిని మేఘములో చల్లినచో అనేక బీజములేర్పడి, ఉన్న నీటిని పంచుకొని, ఒక్కటియు పెద్దరాయి కాజాలదని తలంచిరి. స్విట్జర్లాండులో 1977-1981 నడుమ రష్యనుల రాకెట్ల పద్ధతిని చీట్లువేసి ఎంచిన దినములలో పరీక్షింపగా, చల్లిన మేఘములకును చల్లని మేఘములకును చెప్పుకోదగిన భేదము కనబడలేదు. మన రాయలసీమ ఆకాశమునను 2000 తరువాతి సంవత్సరములలో విమానములతో మేఘమథనము జరిగినది గాని, అది వానను పెంచుటకు జరిగినది; రాళ్లను ఆపుటకు కాదు.

బీజము ఎచట పుట్టునో, రాయి యే చలిలో పెరుగునో తెలియక మందు చల్లుట, రోగము తెలియక మందిచ్చుట వంటిది. వడగండ్ల ఐసోటోపులు చెప్పునది ఆ రోగస్థానమును. రాయి తరచు ఒక్క పయనములోనే పెరుగునని యేర్పడినచో, దానిని అడ్డుటకు దొరకు వ్యవధి మిక్కిలి కొద్ది యని కూడ ఏర్పడును. కావున ప్రస్తుతమునకు రైతునకు తోడ్పడునవి ముందుగా తెలుపు హెచ్చరికయు, తోటపై పఱచు వలయు. హిమాచలప్రదేశములోని ఆపిలు తోటలవారు ఇట్టి వలలను వాడుచున్నారు. ఇది ఖర్చుతో గూడిన పనియే. ఐనను ఫలమీయని ఫిరంగికి సొమ్ము పోయుటకంటె మేలు.

మఱియొక లాభము మన మెట్టప్రాంతమునకు సంబంధించినది. చెఱువులో నీరు ఎండకు ఆవిరి యగునపుడు తేలికనీరు ముందు పోవును; బరువునీరు మిగులును. కావున చెఱువునీటికి ఒక గుఱుతు, నేరుగా ఇంకిన వాననీటికి మఱియొక గుఱుతు ఉండును. బోరుబావినుండి వచ్చు నీరు చెఱువునుండి ఊరినదా, వానకు ఇంకినదా యని ఈ గుఱుతువలన చెప్పవచ్చును. 1947లో అహమదాబాదున స్థాపింపబడిన ఫిజికల్ రిసర్చి లాబొరేటరీవారు దేశములోని వాన, నది, భూగర్భజలముల ఐసోటోపులను ఇట్లు పరీక్షించియున్నారు. రాతిలో వ్రాసిన యక్షరములే బావిలోను వ్రాయబడియున్నవి. చదువు విద్య యొక్కటియే.

8. విద్యార్థులు చేయదగిన పని

చైనా పరిశోధకులకు రాళ్లు దొరకినది సామాన్యజనుల వలన. పడిన రాళ్లను వారు ఏరి తమ యిండ్ల ఫ్రిజ్జులలో దాచి యిచ్చిరి. మన విద్యార్థులును ఈ పని చేయవచ్చును. నియమములివి.

రాళ్లు పడుచుండగా బయటికి పోరాదు. ఉఱుములు పూర్తిగా నిలిచిన తరువాతనే పోవలెను. పచ్చిక మీద పడిన శుభ్రమైన రాళ్లను చేతితో గాక చెంచాతోగాని, మడచిన బట్టతోగాని తీయవలెను. పెద్దవానిని ప్రక్కన స్కేలు ఉంచి ఫొటో తీయవలెను. ఒక్కొక్కదానిని వేఱుగా ప్లాస్టికు సంచిలో గాలి పోకుండ చుట్టి, వెంటనే ఫ్రిజ్జులోని మంచు అరలో పెట్టవలెను. మూత లేక పెట్టినచో మంచు మెల్లగా ఆవిరియై గుఱుతు మాఱిపోవును. సంచిమీద ఊరిపేరు, తేది, రాళ్లు మొదలైన వేళ, నిలిచిన వేళ వ్రాయవలెను. ఆ వాననీటిని గూడ చిన్న సీసాలో అంచువఱకు నింపి, లోపల గాలి లేకుండ మూత బిగింపవలెను.

తల్లులకు ఒక మనవి. మీ ఫ్రిజ్జులో మంచురాళ్లను చూచి పిల్లలను కసరకుడు. పొలముగల తండ్రులకు ఒక మనవి. రాళ్లు పడిన వేళయు, పొలములో ఏ మూలనుండి ఏ మూలకు పడినదియు, మీ జ్ఞాపకమున్నంతవఱకు పిల్లలకు చెప్పి వ్రాయింపుడు. రాళ్లవాన సన్నని చాలుగా పోవును. ఒక రైతు తోట పాడైన దినముననే ప్రక్కరైతు తోటలో ఆకు రాలదు. వాతావరణశాఖవారి మాపకములు దూరదూరముగా నుండుటచే ఆ చాలు వానికి చిక్కకపోవచ్చును. మీ కన్నులకు చిక్కును.

ఇక ఆ బాలుని ప్రశ్నకు ఉత్తరము చెప్పి ముగింతుము. రాయి ఎక్కి దిగుట చూచినవారెవ్వరును లేరు. మేఘములో జరిగినదానికి మనకు దొరకు సాక్షి ఆ రాయి యొక్కటే. దానిని తెలియక ప్రశ్నించిన మేము తప్పు సాక్ష్యము తీసికొంటిమి; ఓపికతో కోసి, తూచి, ప్రశ్నించినవారికి అది నిజము చెప్పినది. మనము దానికి చేయవలసినది కొంచెమే: కరగిపోకముందే ఏరి దాచుట. మన ప్రయోగశాలలోని ఫ్రిజ్జులో ఒక యర ఖాళీచేయించి యుంచితిమి. దానిమీద ఆ బాలుడే చీటి యంటించినాడు.